రక్తఫలకికలు – వాటి లెక్క చూచే హార్మోను

ప్రతి సంవత్సరము వర్షాకాలము వచ్చి, ఊళ్లలో డెంగీ జ్వరములు పొడచూపగానే, మన ఇళ్లలో ఒక మాట తరచుగా వినబడుతుంది. అది ‘ప్లేట్‌లెట్లు’. వైద్యశాస్త్రముతో ఏమాత్రము పరిచయము లేనివారు కూడా, ‘నిన్న లక్షా పదివేలు ఉన్నవి, నేడు అరవై వేలకు దిగినవి’ అని ఒకరికొకరు చెప్పుకొంటారు. రక్తపరీక్ష కాగితము మీద ఆ అంకె తగ్గిన ప్రతిసారి ఇంటిల్లిపాదీ కలత చెందుతారు. పెరిగిన నాడు అందరికీ ప్రాణము కుదుటపడుతుంది. ఆ దినములలో శ్రోతలు మాకు వ్రాసే ఉత్తరములలో కూడ ఈ విషయమే ఎక్కువగా కనబడుతుంది. ఈ అంకెను దేహములో నిర్ణయించేది ఏది? తగ్గినప్పుడు దానిని మరల పైకి తెచ్చేది ఏది? దీనికి సమాధానము గడచిన ముప్పది సంవత్సరములలో చాలవరకు స్పష్టపడినది. దానిని తెలిసికొన్నవారికి జ్వరము వచ్చిన ఇంట భయపడవలసినది దేనికో, భయపడనక్కర లేనిది దేనికో కూడ కొంత తేటపడుతుంది. అందుచేత ఆ సంగతిని ఇక్కడ కొంచెము వివరముగా చెప్పదలచినాము.

ప్లేట్‌లెట్లను మన భాషలో రక్తఫలకికలు అంటారు. రక్తములోని ఎఱ్ఱకణములు ప్రాణవాయువును మోస్తవి. తెల్లకణములు రోగక్రిములతో పోరాడుతవి. రక్తనాళమునకు గండి పడినచోట దానిని వెంటనే పూడ్చడము ఫలకికల పని. ఎఱ్ఱకణము అడ్డుకొలత ఏడెనిమిది మైక్రానులు, అనగా మిల్లీమీటరులో వేయింట ఏడెనిమిది వంతులు. ఫలకిక అందులో మూడవ వంతు మాత్రమే ఉంటుంది. దానికి కేంద్రకము లేదు. కూర తరిగేటప్పుడు వ్రేలు తెగినదనుకొందాము. కొద్ది క్షణములలోనే ఫలకికలు తెగిన అంచులకు అంటుకొని, ఒకదానికొకటి అతుక్కొని, అక్కడ ఒక మూత వేస్తవి. తరువాత రక్తములోని ఫైబ్రిన్ అనే సన్నని పోగులు ఆ మూత చుట్టూ అల్లుకొని దానిని గట్టిపరుస్తవి. మనకు తెలియకుండా దేహము లోపల నిత్యము జరిగే చిన్న చిన్న గాయములను మాన్పేవి కూడ ఇవే.

ఈ సంగతిని మొట్టమొదట స్పష్టముగా లోకమునకు తెలిపినవాడు ఇటలీ దేశములోని ట్యూరిన్ నగరమునకు చెందిన జూలియో బిజ్జొజేరో. ఆయన 1882లో, సజీవ జంతువుల సన్నని రక్తనాళములను సూక్ష్మదర్శినితో పరిశీలించి, నాళమునకు దెబ్బ తగిలినచోట ఈ చిన్న ఫలకములు వచ్చి చేరుతున్నవని చూపినాడు. అంతవరకు కొందరు వీటిని చితికిన కణముల తునకలని తలచేవారు. మరి ఇవి పుట్టేది ఎక్కడ? ఆ సమాధానము 1906లో అమెరికాలోని బోస్టన్ నగరములో జేమ్స్ హోమర్ రైట్ అనే వైద్యశాస్త్రజ్ఞుడు ఇచ్చినాడు. ఎముకల మూలుగలో మెగాకార్యోసైటులు అనే పెద్ద కణములు ఉన్నవనీ, ఫలకికలు వాటినుండి విడివడిన తునకలేననీ ఆయన నిరూపించినాడు.

మెగాకార్యోసైటులను మనము బృహత్కణములు అందాము. మూలుగలోని కణము లన్నిటిలోను ఇవే పెద్దవి. సామాన్యముగా కణము పెరిగిన తరువాత రెండుగా చీలుతుంది. ఈ బృహత్కణము అట్లు చీలదు. తన కేంద్రకములోని జన్యుపదార్థమును రెట్టింపు చేసికొంటుంది. మరల రెట్టింపు చేసికొంటుంది. అయినా ఒకే కణముగా నిలుస్తుంది. మామూలు కణములో రెండు ప్రతులుండే జన్యుసంపుటము దీనిలో పదహారు, ముప్పదిరెండు, ఒక్కొక్కప్పుడు అరువదినాలుగు ప్రతులకు చేరుతుంది. అట్లు బలిసిన తరువాత అది పొడుగాటి చేతులవంటి శాఖలను మూలుగలోని రక్తనాళముల గోడల గుండా లోపలికి చాస్తుంది. రక్తప్రవాహపు ఒరవడికి ఆ శాఖలు తెగి, ఫలకికలై కొట్టుకొనిపోతవి. ఒక్క బృహత్కణమునుండి వేయి మొదలు కొన్ని వేల వరకు ఫలకికలు వస్తవి. చివరకు మిగిలిన కేంద్రకమును మూలుగలోని ఇతర కణములు కబళిస్తవి.

ఇప్పుడు లెక్క చూతాము. ఆరోగ్యవంతుని రక్తములో ఒక ఘన మిల్లీమీటరుకు 1,50,000 మొదలు 4,50,000 వరకు ఫలకికలుంటవి. ఒక్కొక్క ఫలకిక ఆయుర్దాయము ఎనిమిది నుండి పది దినములు. కనుక దినమునకు ఇంచుమించు పదవ వంతు నశిస్తవి. అంత మొత్తమును మూలుగ తిరిగి పుట్టించవలె. పెద్దవారిలో అది రోజుకు సుమారు 10,000 కోట్లు. ఇంతటి రాకపోకల మధ్య కూడ, ఆరోగ్యముగా ఉన్న ఒకే మనిషిలో ఈ అంకె ఏండ్ల తరబడి దాదాపు ఒక్కచోటనే నిలుస్తున్నది. ఒకరికి ఎప్పుడు చూచినా రెండు లక్షలు. మరియొకరికి ఎప్పుడు చూచినా మూడు లక్షలు. ఆదాయవ్యయములు ఇంత కచ్చితముగా సరిపోతున్నవంటే, ఎక్కడో ఒక లెక్కరి కూర్చొని ఉండవలె కదా!

ఆ లెక్కరి ఒక హార్మోను అయి ఉండవలెనని శాస్త్రజ్ఞులు ఊహించినారు. 1958లో హంగరీ దేశపు వైద్యుడు ఎండ్రే కెలెమెన్, ఆయన సహచరులు ఆ ఊహకు ‘త్రోంబోపోయిటిన్’ అని పేరుపెట్టినారు. ఫలకికలను పుట్టించేది అని దాని అర్థము. పేరు వచ్చినది గాని, వస్తువు మాత్రము చేతికి చిక్కలేదు. రక్తములో అది ఉండే పరిమాణము మిక్కిలి స్వల్పము. ప్రయోగశాలలు ఎన్నో ఏండ్లు శ్రమించినవి. ఇది నిజముగా ఉన్నదా, లేక మన ఊహయేనా అని సందేహించినవారును లేకపోలేదు.

చివరకు దారి మరియొక వైపునుండి తెరుచుకొన్నది. ఎలుకలలో ఒక విధమైన రక్తపు క్యాన్సరును కలిగించే వైరసులో శాస్త్రజ్ఞులకు ఒక జన్యువు కనబడినది. అది 1990లో ప్రకటింపబడినది. అటువంటి జన్యువే మానవులలోను ఉన్నదని 1992లో తేలినది. ఆ జన్యువు తయారుచేసే మాంసకృత్తు, హార్మోనులను పట్టుకొనే గ్రాహకముల వంశమునకు చెందినట్లు ఉన్నది. అది బృహత్కణముల మీదను, ఫలకికల మీదను ఉన్నది. దానికి ‘ఎమ్‌పిఎల్’ అని పేరు. అనగా తాళము ముందు దొరికినది. దానికి సరిపోయే తాళపుచెవిని వెదకడమే మిగిలినది. 1994లో అయిదు పరిశోధక బృందములు, వేరువేరు మార్గములలో, ఒకే సమయమునకు ఆ తాళపుచెవిని కనుగొన్నవి. పేరుపెట్టిన ముప్పదియారు సంవత్సరములకు త్రోంబోపోయిటిన్ చేతికి వచ్చినది. అది 332 అమైనో ఆమ్లముల మాంసకృత్తు. దాని మొదటి సగము, ఎఱ్ఱకణములను పుట్టించే ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోనును పోలి ఉన్నది. ఎలుకలలో ఈ హార్మోను జన్యువును గాని, గ్రాహకపు జన్యువును గాని తొలగించి చూడగా, ఫలకికలు మామూలు సంఖ్యలో పది పదిహేను శాతమునకు పడిపోయినవి. లెక్కరి ఇతడేనని దానితో రూఢి అయినది.

అసలు విశేషము ఇక్కడనుండి ప్రారంభమవుతుంది. ఈ రెండు హార్మోనులు రూపములో అన్నదమ్ములవలె ఉన్నా, పని తీరు వేరు. ఎరిత్రోపోయిటిన్‌ను తయారుచేసేది ముఖ్యముగా మూత్రపిండములు. రక్తములో ప్రాణవాయువు తగ్గినదని అవి గ్రహించగానే ఆ హార్మోనును ఎక్కువగా తయారుచేస్తవి. చాలినంత ఉన్నప్పుడు తగ్గిస్తవి. ఎత్తయిన పర్వతప్రాంతములకు పోయి ఉండేవారికి ఎఱ్ఱకణములు పెరగడము ఇందువలననే. త్రోంబోపోయిటిన్‌ను చాలవరకు తయారుచేసేది కాలేయము. ఫలకికలు ఎక్కువైనా, తక్కువైనా, కాలేయము సామాన్యముగా ఒకే మోతాదులో ఈ హార్మోనును రక్తములోనికి విడిచిపెడుతూ ఉంటుంది. మరి సర్దుబాటు జరిగేది ఎట్లు?

కృష్ణా గోదావరి కాలువల క్రింద వ్యవసాయము చేసేవారికి ఈ సంగతి చెప్పడము తేలిక. ఆనకట్ట దగ్గర కాలువకు విడిచే నీరు ప్రతి దినము ఒకే మోతాదు అనుకొందాము. దారిలో ఎగువ పొలముల తూములు ఎన్నో ఉన్నవి. అవి త్రాగినంత త్రాగగా మిగిలినదే శివారు భూములకు చేరుతుంది. ఎగువ తూములు అన్నీ తెరచి ఉంటే శివారుకు కొద్దిపాటి నీరే అందుతుంది. ఎగువ తూములు కొన్ని మూతపడితే, ఆనకట్ట దగ్గర ఎవరు ఏమి చేయకపోయినా, శివారుకు నీరు సమృద్ధిగా వస్తుంది. మన దేహములో కాలువ నీరు త్రోంబోపోయిటిన్. ఎగువ తూములు ఫలకికల మీది గ్రాహకములు. శివారు భూమి ఎముకల మూలుగ. రక్తములో తిరిగే ప్రతి ఫలకిక తన గ్రాహకములతో హార్మోనును పట్టి, లోపలికి లాగుకొని, జీర్ణము చేసికొంటుంది. ఫలకికలు నిండుగా ఉన్నప్పుడు హార్మోనులో చాలభాగము వాటికే చెల్లిపోతుంది. మూలుగకు అందేది తక్కువ. ఫలకికలు తగ్గినప్పుడు త్రాగేవారు తగ్గినందున హార్మోను మిగులుతుంది. ఆ మిగులు మూలుగకు చేరి బృహత్కణములను పెంచుతుంది. ఈ పోలిక ఒక్కచోట మాత్రము చాలదు. మన శివారు భూమిలో పండే పంట ఎగువకు పోయి కొత్త తూములు తెరవదు. దేహములో అదే జరుగుతుంది. మూలుగలో పుట్టిన కొత్త ఫలకికలు రక్తములోనికి వచ్చి, మిగులు హార్మోనును తామే హరించి, తమ పుట్టుకకు తామే హద్దు కట్టుకొంటవి.

ఇందుకు నిదర్శనములు ఉన్నవి. ఎలుకలలో హార్మోను జన్యువు రెండు ప్రతులలో ఒకదానిని మాత్రము తొలగించినప్పుడు, ఫలకికలు మామూలు సంఖ్యలో సుమారు మూడింట రెండు వంతులకు తగ్గి అక్కడనే నిలిచినవి. కాలేయమునకు అవసరమును బట్టి తయారీని పెంచుకొనే గుణమే ఉండి ఉంటే, మిగిలిన ఒక్క ప్రతితోనే లోటు భర్తీ చేసి ఉండేది. మరియొక ప్రయోగములో మూలుగను మందుతో అణచి కుందేళ్లలో ఫలకికలను తగ్గించినారు. ఫలకికలు తగ్గినకొలది రక్తములో హార్మోను పెరిగినది. హార్మోను మిక్కుటముగా ఉన్న సమయములో ఇతర కుందేళ్ల ఫలకికలను ఎక్కించగా, హార్మోను వెంటనే పడిపోయినది. బయటినుండి వచ్చిన ఫలకికలు కూడ తమ వాటా తాము త్రాగినవన్నమాట!

ఈ పద్ధతిలో ఒక చిక్కు కూడ ఉన్నది. దేహము లెక్క చూచేది ఫలకికల మొత్తమును. చేతి నరమునుండి తీసిన రక్తములో ఉన్న వాటిని మాత్రమే కాదు. ఆరోగ్యవంతునిలో కూడ ఇంచుమించు మూడవ వంతు ఫలకికలు ఏ సమయమునందైనను ప్లీహములో నిలువ ఉంటవి. కాలేయవ్యాధి వలన గాని, మరొక కారణము వలన గాని ప్లీహము వాచి పెద్దదైనప్పుడు, సగమునకు పైగా ఫలకికలు అందులోనే ఆగిపోవచ్చును. అప్పుడు పరీక్షలో అంకె తక్కువగా వస్తుంది. అయినా ప్లీహములో ఆగిన ఫలకికలు అక్కడనే హార్మోనును త్రాగుతూ ఉంటవి గనుక, దేహము దృష్టిలో లోటు ఏమియు లేదు. మూలుగకు అదనపు కబురు పోదు. కాగితము మీది అంకెకును, దేహము వేసికొనే లెక్కకును ఉన్న ఈ భేదమును వైద్యులు ఎప్పుడూ మనస్సులో ఉంచుకొంటారు.

కాలేయము ఎప్పుడును ఒకే మోతాదులో విడుస్తుందని పైన చెప్పినాము. ఆ మాటకు రెండు సవరణలు కావలె. మొదటిది, ముసలితనము చెందిన ఫలకికలకు సంబంధించినది. ఫలకిక పైపొర మీద చక్కెర గొలుసులు ఉంటవి. వాటి చివర సియాలిక్ ఆమ్లము అనే పదార్థము ఉంటుంది. ఫలకిక రక్తములో తిరిగి తిరిగి ముసలిదైనకొలది ఆ చివరి పదార్థము ఊడిపోతుంది. అటువంటి ఫలకికలను కాలేయకణములు గుర్తించి పట్టుకొంటవి. పట్టుకొన్న ప్రతిసారి ‘హార్మోను తయారుచేయుము’ అనే ప్రేరణ ఆ కణమునకు కలుగుతుందని 2015లో ప్రకటింపబడిన పరిశోధన చూపినది. పోయినవారి లెక్కను బట్టి వచ్చేవారికి ఏర్పాటు చేయడము వంటిది ఇది. ఈ రెండవ మార్గమునకు మనుష్యులలో ఎంత ప్రాధాన్యము ఉన్నదో ఇంకను పరిశీలనలో ఉన్నది.

రెండవ సవరణ వాపునకు, రోగక్రిములకు సంబంధించినది. దేహములో ఎక్కడైనను చీము, వాపు, దీర్ఘజ్వరము ఉన్నప్పుడు తెల్లకణములు ఇంటర్‌ల్యూకిన్-6 అనే పదార్థమును విడుస్తవి. అది కాలేయమును ప్రేరేపించి హార్మోను తయారీని పెంచుతుంది. అందుచేత కొన్ని జబ్బులలోను, శస్త్రచికిత్స తరువాతను ఫలకికలు అయిదారు లక్షలకు పోవడము కలదు. మూలకారణము తగ్గితే అంకె తానే దిగుతుంది.

ఈ ఏర్పాటు తెలిసిన తరువాత వ్యాధులను చదివే తీరే మారినది. మూలుగ ఎండిపోయి బృహత్కణములే లేకుండా పోయిన అప్లాస్టిక్ ఎనీమియా అనే వ్యాధిలో, హార్మోనును హరించేవారు లేరు గనుక, అది రక్తములో మిక్కుటముగా పెరుగుతుంది. ఫలకికలను దేహపు రక్షణశక్తియే పొరపాటున శత్రువులుగా ఎంచి నాశము చేసే ‘ఐటీపీ’ అనే వ్యాధి వేరు. అందులోను పరీక్షలో అంకె పది ఇరువది వేలకు దిగవచ్చును. కాని మూలుగలో బృహత్కణములు నిండుగా ఉంటవి. పుట్టిన ఫలకికలు నశించేటప్పుడు హార్మోనును కూడ వెంట తీసికొనిపోతవి. అందువలన హార్మోను మామూలుగానో, కొంచెము ఎక్కువగానో మాత్రమే ఉంటుంది. రెండు వ్యాధులలోను ఒకే అంకె. లోపలి కథలు మాత్రము వేరు. ముదిరిన కాలేయవ్యాధిలో హార్మోను తయారీయే కుంటుపడుతుంది. అటువంటివారికి కొత్త కాలేయము అమర్చిన కొద్ది దినములకే హార్మోను, దాని వెంట ఫలకికలు పెరుగుతవి. హార్మోను తయారయ్యే చోటు కాలేయమే అనడానికి ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ నెదర్లాండ్సు దేశములోని ఒక కుటుంబమునందు కనబడినది. ఆ కుటుంబములో తరతరములుగా కొందరికి ఫలకికలు అధికము. హార్మోను జన్యువులో తయారీకి పగ్గము వేసే భాగము చెడినదనీ, పగ్గము లేనందున కాలేయము హార్మోనును మితిమీరి తయారుచేస్తున్నదనీ 1998లో తేలినది. ఫలకికలు తగ్గితే రక్తస్రావము. మితిమీరితే నాళములలో రక్తము గడ్డకట్టి గుండెకు, మెదడుకు కీడు. ఈ రెండు అపాయముల మధ్య ఉన్న ఇరుకు బాటలో దేహము మనలను జీవితకాలమంతా నడిపిస్తున్నది.

హార్మోను ఆజ్ఞ ఒక్కటే చాలదు. పనికి సరుకు కూడ కావలె. బృహత్కణము జన్యుపదార్థమును పలుమార్లు రెట్టింపు చేసికొనడానికి ఫోలిక్ ఆమ్లము, విటమిన్ బి-12 అవసరము. ఇవి లోపించినవారికి ఎఱ్ఱకణములతోపాటు ఫలకికలు కూడ తగ్గవచ్చును. ఆకుకూరలలోను, పప్పుధాన్యములలోను లభించే ఈ ఫోలిక్ ఆమ్లమును అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలలో కృత్రిమముగా తయారుచేసినప్పుడు, 1940ల నడుమ, అక్కడి పరిశోధనలకు అధిపతిగా ఉన్నవాడు భీమవరములో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారే. ఈ విషయమును తెలుగువారు సంతోషముగా జ్ఞాపకముంచుకోదగును.

హార్మోను దొరికినది గదా, దానినే మందుగా ఇస్తే చాలదా అని శ్రోతలు అడుగవచ్చును. 1990లలో ఆ ప్రయత్నము జరిగినది. ప్రయోగశాలలో తయారుచేసిన హార్మోను రూపమొకటి ఆరోగ్యవంతులైన స్వచ్ఛంద సేవకులకు ఇచ్చినారు. ఫలకికలు పెరిగినవి. కాని కొందరి దేహము ఆ మందును పరాయిదిగా ఎంచి, దానిపై ప్రతిరక్షకములను పుట్టించినది. మందుకును సొంత హార్మోనుకును పోలిక ఉన్నందున, ఆ ప్రతిరక్షకములు సొంత హార్మోనును కూడ నిర్వీర్యము చేసినవి. ఫలితముగా, ఆరోగ్యముగా ఉన్న మనుష్యులకు ఫలకికలు ప్రమాదకరముగా పడిపోయినవి. ఆ ప్రయత్నము 1998లో విరమింపబడినది. దానినుండి నేర్చుకొన్న శాస్త్రజ్ఞులు, హార్మోనును ఏమాత్రము పోలకుండా, దాని గ్రాహకమును మాత్రము కదిలించే మందులను రూపొందించినారు. రోమిప్లోస్టిమ్ అనే సూదిమందు, ఎల్ట్రాంబోపాగ్ అనే మాత్ర 2008లో అమెరికాలో అనుమతి పొందినవి. ఐటీపీ వ్యాధిగ్రస్తులకు నేడు ఇవి ఎంతో ఉపకరిస్తున్నవి. కాని వీటిని వాడవలసినది నిపుణులైన వైద్యుల అజమాయిషీలో మాత్రమే. పగ్గము సడలించిన గుఱ్ఱమును అదుపు చేయడము కష్టము గనుక, రక్తపరీక్షలు క్రమముగా జరుగుతూ ఉండవలె.

ఇక మొదట చెప్పిన డెంగీ జ్వరము సంగతికి వత్తాము. ఈ వైరసు ఒకవైపు మూలుగను కొన్ని దినములు మందగింపజేస్తుంది. మరియొకవైపు రక్తములో ఉన్న ఫలకికల నాశమును త్వరపరుస్తుంది. అందుచేత జ్వరము వచ్చిన మూడు నాలుగు దినములనుండి అంకె దిగుతుంది. చాలమందిలో వారము దాటిన తరువాత మూలుగ తేరుకొని అంకె తానే పైకి వస్తుంది. హార్మోను మూలుగను ప్రేరేపించిన తరువాత కొత్త ఫలకికలు రక్తములో కనబడడానికి కొద్ది దినములు పట్టడము సహజము. బృహత్కణము బలియవలె, శాఖలు చాపవలె, తునకలు కావలె. పూటపూటకు పరీక్ష చేయించినంత మాత్రమున ఈ పని వేగిరపడదు.

అంకె తగ్గగానే ‘ఎక్కడినుండియైనా ఫలకికలు తెచ్చి ఎక్కించండి’ అని వైద్యులను ఒత్తిడి పెట్టే బంధువులు అనేకులు. సింగపూరు, మలేషియాలలో జరిగి 2017లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, ఫలకికలు ఇరువది వేలు, అంతకు తక్కువ ఉండి, రక్తస్రావము లేని వయోజనులైన డెంగీ రోగులను రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు ముందుజాగ్రత్తగా ఫలకికలు ఎక్కించి, రెండవ జట్టుకు ఎక్కించకుండా చూచినారు. రక్తస్రావమును నివారించడములో ఎక్కించడమువలన ప్రత్యేకమైన మేలు కనబడలేదు. ఎక్కించినవారిలో దద్దుర్లు మొదలైన ఇబ్బందులు మాత్రము ఎక్కువగా కనబడినవి. రక్తస్రావము ఉన్నవారి విషయము వేరు. వారికి ఫలకికలు ప్రాణదానమే కావచ్చును. దాతలనుండి సేకరించిన ఫలకికలు మామూలు గది వేడిమిలో, నెమ్మదిగా కదుపుతూ, అయిదు దినములు మాత్రమే నిలువచేయదగినవి. అవసరము లేనిచోట వాడిన ప్రతి సంచియు అవసరమున్న రోగికి దూరమైనట్లే. క్యాన్సరు చికిత్సలో మూలుగ అణగిపోయిన బిడ్డకు అదే రోజున అది కావలసి ఉండవచ్చును.

డెంగీలో అసలు అపాయము చాలవరకు మరియొకచోట ఉన్నది. జ్వరము తగ్గుముఖము పట్టే సమయములో సన్నని రక్తనాళముల గోడలు సడలి, రక్తములోని ద్రవము బయటికి ఊరిపోతుంది. రక్తము చిక్కబడి, రక్తపు పోటు పడిపోయి, ప్రాణము మీదికి రావచ్చును. వైద్యులు ఫలకికలతోపాటు రక్తపు చిక్కదనమును కూడ చూచి, ద్రవములను జాగ్రత్తగా కొలిచి ఇచ్చేది ఇందుకే. కనుక కుటుంబములోనివారు కనిపెట్టవలసినవి ఇవి: విడువని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లనుండి గాని ముక్కునుండి గాని రక్తము, నల్లని విరేచనము, మిక్కిలి నీరసము లేక కలవరపాటు, కాళ్లు చేతులు చల్లబడడము, మూత్రము తగ్గడము. జ్వరము తగ్గినది గదా అని వీటిని ఉపేక్షింపరాదు. వెంటనే ఆసుపత్రికి చేర్చవలె. జ్వరమునకు వైద్యుడు చెప్పిన మోతాదులో పారసిటమాల్ వాడవచ్చును. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటి మందులు ఫలకికల పనిని మందగింపజేస్తవి గనుక వాటి జోలికి పోరాదు. బొప్పాయి ఆకుల రసమును గురించి పలువురు అడుగుతున్నారు. దానిపై కొన్ని చిన్న పరిశీలనలు జరిగినవి గాని, అది ప్రాణరక్షణ చేస్తుందని నిశ్చయముగా తేలలేదు. దానిని నమ్ముకొని వైద్యమును ఆలస్యము చేయడము మాత్రము నిశ్చయముగా కీడు.

కాలేయము విడిచేది ఒకే మోతాదు. త్రాగేవారి సంఖ్యను బట్టి మిగులు. మిగులును బట్టి మూలుగలో పంట. ఇంత సామాన్యమైన సూత్రముతో దేహము ప్రతి దినము పదివేల కోట్ల ఫలకికల జమాఖర్చును సరిచూస్తున్నది. ఆ లెక్కకు అడ్డు వచ్చిన కారణము మూలుగలో ఉన్నదా, ప్లీహములో ఉన్నదా, కాలేయములో ఉన్నదా, లేక వచ్చి పోయే వైరసులో ఉన్నదా అని తేల్చడము వైద్యుని పని. అతడు ఆ పనిని నిదానముగా చేయడానికి వీలు కల్పించడము, రోగిని నీడపట్టున ఉంచి, తగిన ద్రవాహారము ఇచ్చి, పైన చెప్పిన లక్షణములను రాత్రింబవళ్లు కనిపెట్టుకొని ఉండడము ఇంటివారి పని. రక్తపరీక్ష కాగితమును రెండు పూటలా తిరగవేసి చూచుకొనడముకంటె రోగి ముఖమును, నాలుకను, మూత్రమును గమనించుకొనడము మేలని మా మనవి.